చింతపిక్కల సముద్రం

శ్రోతలకు నమస్కారం.

పరమపద సోపాన పటం ఎరుగని తెలుగు ఇల్లు ఉండదనుకుంటాను. మనం వైకుంఠపాళి అని పిలుచుకునే ఆ పటంలో నిచ్చెన మొదట్లో ఒక సుగుణం పేరు, పాము తల దగ్గర ఒక దుర్గుణం పేరు రాసి ఉండేవి. గవ్వలు వేస్తూ ఉండగానే మంచి చెడ్డలు పిల్లల చెవిన పడాలన్నది పెద్దల ఆలోచన. పర్యావరణం గురించి చెప్పడానికి ఈ రోజుల్లో వస్తున్న అట్ట ఆటలు కూడా తరచుగా ఆ దారినే నడుస్తున్నాయి. చెట్టు నాటిన గడిలో నిచ్చెన ఉంటుంది, ప్లాస్టిక్ సంచి పారేసిన గడిలో పాము ఉంటుంది.

ఆ ప్రయత్నం మీద నాకు గౌరవం ఉంది. అయినా ముప్పై ఏళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పినదానిగా ఒక మాట చెప్పాలి. ఆ సంచిని పిల్లవాడు పారేయలేదు, పాచిక పారేసింది. తాను చేయని తప్పుకు పాము నోట పడి కిందికి జారిన పిల్లవాడికి ఉక్రోషం వస్తుందే తప్ప ఆలోచన రాదు. నిర్ణయం పిల్లవాడిది కావాలి, ఫలితాన్ని వాడి కళ్ళే చూడాలి. అటువంటి ఆట ఒకటి నేను మా ఇంట్లో ఆడించాను. ఈ పూట దాని గురించే చెబుతాను.

ఒక అట్ట మీద మన విశాఖ తీరం గీశాను. భీమిలి, మంగమారిపేట, జాలారిపేట, హార్బరు అని నాలుగు రేవులు గుర్తించి, మధ్యలో ఒక పళ్ళెం పెట్టి అందులో 48 చింతపిక్కలు పోశాను. పళ్ళెం సముద్రం, పిక్కలు చేపలు. మా మనవరాలు, మా వీధి పిల్లలు ముగ్గురు తలా ఒక రేవు పంచుకున్నారు. ఒక్కొక్క వంతు ఒక ఏడాది. ఎన్ని పిక్కలు కావాలో, సున్నా నుంచి పది వరకు, ఎవరికి వారు రహస్యంగా చీటీ మీద రాయాలి. అందరూ తీసుకున్నాక పళ్ళెంలో మిగిలినవి రెట్టింపవుతాయి, కానీ 48 దాటవు. చేపలు గుడ్లు పెట్టి పెరగడమంటే ఆ రెట్టింపే.

మొదటి ఏడాది చీటీలు విప్పితే 10, 10, 8, 6. మొత్తం 34 పోయి 14 మిగిలాయి, రెట్టిస్తే 28 అయ్యాయి. మొదట ఆరు మాత్రమే తీసిన మా మనవరాలు, అందరూ తీస్తుంటే నేనొక్కదాన్నే ఎందుకు ఆగాలి అనుకుందేమో, రెండో ఏడాది తానూ పది రాసింది. మిగిలిన ముగ్గురూ పదే రాశారు. నలభై కావాలి, ఉన్నవి ఇరవై ఎనిమిది. పళ్ళెం ఖాళీ. సున్నాను ఎంత రెట్టించినా సున్నాయే. "ఇప్పుడేటి అమ్మమ్మా, ఆటయిపోయినట్టేనా?" అని అడిగారు. నలుగురూ కలిసి రెండేళ్ళలో తీసినవి 62 పిక్కలు.

అప్పుడు వారిలో ఒక అబ్బాయి, వాళ్ళ నాన్న హార్బరు నుంచి బోటు మీద వేటకు వెళతాడు, "మా నాన్నోళ్ళు ఎండాకాలంలో బోట్లు కట్టేస్తారు, ఇందుకేనా?" అన్నాడు. ఇందుకే. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజుల పాటు, చేపలు గుడ్లు పెట్టే కాలమని మర బోట్లకు, ఇంజను తెప్పలకు వేట నిషేధం ఉంటుంది. ఇంజను లేని సంప్రదాయ తెప్పలకు మినహాయింపు ఉంది. వంజరం ధర మండిపోతోందని ఆ రెండు నెలలూ బజారులో మనం విసుక్కుంటాం. ఆ రెండు నెలలూ సంపాదన ఆపుకొని కూర్చున్న ఇల్లు ఒకటి మా ఆటలోనే ఉందని నాకు ఆ క్షణం వరకు తోచలేదు.

రెండో ఆటకు పిల్లలే లెక్క కట్టారు. తలా ఆరు తీస్తే 24 పోతాయి, మిగిలిన 24 రెట్టించి మళ్ళీ 48 అవుతాయి. ఆరుకు మించి ఎవరూ తీయకూడదని మాట ఇచ్చుకున్నారు. అయితే చీటీలను ఆట చివరిదాకా విప్పకూడదని కూడా అనుకున్నారు. మొదటి ఏడాదే ఒకరు ఏడు రాశారు. ఒక్కటంటే ఒక్క పిక్క ఎక్కువ. ఆ ఒక్క పిక్క ఏం చేసిందో వినండి. సముద్రం నిండలేదు, 46 దగ్గర ఆగింది. ఆ తరువాత అందరూ బుద్ధిగా ఆరే తీసినా మరుసటి ఏడాది 44, ఆపైన 40, తరువాత 32, తరువాత 16. ఆరో ఏడాదికి 24 కావాలి, 16 ఉన్నాయి. ఒక్క పిక్క సముద్రాన్ని ఎండగట్టింది. ఇన్నేళ్ళు రెట్టింపుల లెక్కలు చెప్పిన నేనే ఆ పళ్ళెం వంక చాలాసేపు చూస్తూ ఉండిపోయాను.

మూడో ఆటలో చీటీలు అప్పటికప్పుడే విప్పాలన్నారు. మొదటిసారి మీరితే ఎక్కువ తీసినది తిరిగి పళ్ళెంలో వేస్తే చాలునని, మళ్ళీ మీరితే ఒక ఏడాది వేట మానాలని తీర్మానించారు. అర్థశాస్త్రంలో 2009లో నోబెల్ బహుమతి అందుకున్న ఎలినార్ ఆస్ట్రమ్, ఆ శాస్త్రంలో ఆ బహుమతి పొందిన తొలి మహిళ, ఉమ్మడి వనరులను కలకాలం కాపాడుకున్న జాలరుల, రైతుల సమాజాలను పరిశీలించి, తామే నియమాలు పెట్టుకోవడం, ఒకరినొకరు కనిపెట్టి ఉండడం, తప్పును బట్టి మెల్లగా పెరిగే శిక్ష వంటివి వాటిలో చూశారు. ఆమె పేరైనా వినని పిల్లలు అరగంటలో అక్కడికే వచ్చారు. పదేళ్ళు ఆడారు. ఒక్కొక్కరి దగ్గర 60 పిక్కలు చేరాయి, పళ్ళెంలో 48 అలాగే ఉన్నాయి. మొదటి ఆటలో నలుగురికీ కలిపి దక్కింది 62 అని గుర్తుంది కదా.

ఒకసారి నేను హుద్‌హుద్ చీటీ కూడా చేర్చాను, 2014 అక్టోబరు 12న మన ఊరిని ఊడ్చేసిన తుపాను పేరిట. ఆ చీటీ వచ్చిన ఏడాది వేట ఉండదు. కానీ పళ్ళెం ఖాళీ అయినప్పుడల్లా పిల్లలు నింద తుపాను మీద వేశారు. ఆ చీటీని తీసేశాను.

మీ ఇంట్లో ఆడించాలనుకుంటే పెద్దలకు నా మనవి ఒక్కటే. మొదటి ఆటలో మాట్లాడకండి. తక్కువ తీయండర్రా అని మీ నోటి చివరిదాకా వస్తుంది, అయినా అనకండి. సముద్రం ఖాళీ కానివ్వండి. ఆ ఖాళీ పళ్ళెం చూశాకనే పిల్లలు ప్రశ్న అడుగుతారు, వారు అడిగేదాకా జవాబు చెప్పకండి. పిక్కల లెక్క మనిషికి 12: ముగ్గురుంటే 36, ఐదుగురుంటే 60. చింతపండు పిసికిన పిక్కలైతే కడిగి ఒక రోజు ఎండలో ఆరబెట్టుకోండి.

నమస్కారం.