కాన్పుకి 18 నెలలు, ఊరంతటికీ 6 నెలలా? మార్కులు వేసే పెన్ను ఏఎన్ఎమ్ అక్కకి ఇవ్వండి!

ఒక లెక్క చెప్తాను. ఎవరికైనా అర్థమైతే నాక్కూడా చెప్పండి.

2017లో కరీంనగర్‌లో మిడ్‌వైఫరీ ట్రైనింగ్ మొదలైంది, గుర్తుందా? అప్పటికే నర్సింగ్ పాసైన సిస్టర్స్‌ని తీసుకుని, కాన్పులు చక్కగా చేయించడం నేర్పడానికి 18 నెలలు పెట్టారు. శభాష్. నాకేం పేచీ లేదు, ఇంకో ఆరు నెలలు కలిపినా పేచీ లేదు. ఇప్పుడు అలాంటి నర్సే ఊళ్ళోకి పోయి గర్భిణిని చూడాలి, బాలింతని చూడాలి, చంటిబిడ్డకి టీకా తప్పకుండా చూడాలి, బీపీ బిళ్ళ మానేసిన తాతని బతిమాలాలి, షుగరుందంటే ఒప్పుకోని పెద్దమ్మతో వాదించాలి, టీబీ మందు మధ్యలో వదిలేసి పనికి వలస పోయినవాణ్ణి ఫోన్లో పట్టుకోవాలి. కొన్ని వందల ఇళ్ళు. దీనికి ప్రత్యేకంగా ఎంత ట్రైనింగు?

6 నెలలు.

లేబర్ రూముకి 18, ఊరంతటికీ 6. ఈ లెక్క వేసినాయన ఎవరో గానీ, ఆయన ఎప్పుడూ ఒక బాలింత ఇంటి గడప తొక్కి ఉండడు.

గొడవ మీకు తెలిసిందే, ఎక్కువ సాగదీయను. 2018లో ఆయుష్మాన్ భారత్ వచ్చింది, సబ్ సెంటర్‌కి, అదే ఊళ్ళోని చిన్న ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి, కొత్త బోర్డు పడింది. ఆంధ్రలో విలేజ్ క్లినిక్, తెలంగాణలో పల్లె దవాఖానా. అందులో కొత్త కుర్చీ ఒకటి వేశారు, ఎంఎల్‌హెచ్‌పీ, అంటే మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్, అదే సీహెచ్ఓ, కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్. బీఎస్సీ నర్సింగ్ చదివి, ఆరు నెలల బ్రిడ్జి కోర్సు చేసినవాళ్ళకి ఆ కుర్చీ. తెలంగాణలో అయితే ముందు ఎంబీబీఎస్, బీఏఎంఎస్ వాళ్ళని పిలిచి, తర్వాత మన నర్సుల్ని పిలిచారు. సరే. పక్కనే పాత కుర్చీలో ఇరవయ్యేళ్ళ నుంచి ఆ ఊరు తిరుగుతున్న ఏఎన్ఎమ్ (ఆక్జిలరీ నర్స్ మిడ్‌వైఫ్) అక్క. ఇంక మొదలైంది. "నిన్న కాక మొన్నొచ్చిన పిల్ల నన్ను తనకి రిపోర్టు ఇమ్మంటోంది" అని అక్క. "నేను నాలుగేళ్ళ డిగ్రీ చదివానండీ, నాకు రెస్పెక్ట్ లేదా" అని చెల్లెలు. వాట్సాప్ గ్రూపుల్లో ఒకరి మీద ఒకరు ఆడియోలు.

ఇద్దరికీ చెప్తున్నా, మీరు కొట్టుకోవాల్సింది ఒకరితో ఒకరు కాదు. కుర్చీ ఎవరిది అన్నది అసలు ప్రశ్నే కాదు. ఆ ఆరు నెలల్లో ప్రాక్టికల్ మార్కులు ఎవరు వేస్తున్నారు? నా మాట ఒక్కటే, ఈ వీడియో అంతా అదే చెప్తాను, విసుగొచ్చినా చెప్తాను. ఆ పెన్ను ఏఎన్ఎమ్ చేతిలో ఉండాలి.

నవ్వేవాళ్ళు నవ్వండి. "ఇంటర్ తర్వాత రెండేళ్ళ కోర్సు చేసినామె, బీఎస్సీ చేసినామెకి మార్కులు వేస్తుందా?" అని కామెంట్ టైపు చేస్తున్నారుగా? టైపు చేసి ఉంచండి, చివర్లో చూద్దాం.

ముందు నా సిద్ధాంతం వినండి. దీనికి నేను పెట్టుకున్న పేరు మంచాల సిద్ధాంతం. మన దేశంలో నర్సింగ్ కాలేజీకి పర్మిషన్ కావాలంటే ఏం చూస్తారు? 100 పడకల ఆసుపత్రి ఉందా అని చూస్తారు. మంచం లెక్కపెట్టడం తేలిక. ఫొటో తీయొచ్చు, ఫైల్లో పెట్టొచ్చు. ఫీల్డ్ ఏరియా అని కూడా ఒక కాలమ్ ఉంటుంది, కాదనను. కానీ "మీ పిల్లలు వెళ్ళే ఊళ్ళో వాళ్ళని లోపలికి రమ్మనే ఇళ్ళెన్ని?" అని అడిగిన ఇన్‌స్పెక్టర్ని నేనింతవరకు చూళ్ళేదు. మంచం ఎక్కడుంటే చదువు అక్కడికే పోతుంది. బ్రిడ్జి కోర్సు స్టడీ సెంటర్ కూడా చూడండి, ఎక్కువగా జిల్లా ఆసుపత్రి. ఊరి నర్సుని తయారు చేయడానికి జిల్లా కేంద్రానికి పిలుస్తున్నాం!

"మరి నాలుగేళ్ళ డిగ్రీలో కమ్యూనిటీ హెల్త్ నర్సింగ్ లేదా?" ఉంది, ఎందుకు లేదు. పాత సిలబస్‌లో రెండో ఏడు ఒకసారి, నాలుగో ఏడు ఒకసారి. చేసినవాళ్ళు గుండె మీద చెయ్యేసుకుని చెప్పండి, ఆ పోస్టింగులో ఏం చేశారు? కాలేజీ బస్సు దిగారు. ఇస్త్రీ చేసిన యూనిఫాం. చేతిలో కమ్యూనిటీ బ్యాగు. బ్యాగ్ టెక్నిక్! అబ్బో, అది చూసి తీరాలండీ. ఎవరింటి అరుగు మీదో న్యూస్ పేపర్ పరచాలి, దాని మీద బ్యాగు పెట్టాలి, సబ్బు తీయాలి, టవల్ తీయాలి, చేతులు కడగాలి, మూత్రంలో షుగరు చూసే బెనెడిక్ట్ ద్రావణం తీయాలి, స్పిరిట్ లాంపు వెలిగించాలి, మూత్రం వేడి చేసి రంగు మారిందా చూడాలి. స్ట్రిప్ ముంచితే నిమిషంలో తేలిపోయే రోజుల్లో! ఆ ఇంటి ముసలమ్మ "అమ్మాయ్, ఇక్కడేమన్నా వండుతున్నావా?" అని అడుగుతుంది.

ఇంక ఫ్యామిలీ ఫోల్డర్. కుటుంబంలో ఎంతమంది, గాలీ వెలుతురూ ఎలా ఉంది, మరుగుదొడ్డి ఉందా, వాళ్ళ సమస్యలు, మీ కేర్ ప్లాన్. ఎక్కడ రాశారు? ఆ ఇంట్లోనా? హాస్టల్లో, రాత్రి పదకొండింటికి, సీనియర్ ఫోల్డర్ పక్కన పెట్టుకుని. ఆ కుటుంబానికి ఎప్పుడూ ఒకే జబ్బు, "అవగాహన లోపం". దానికి ఎప్పుడూ ఒకే మందు, "హెల్త్ ఎడ్యుకేషన్ ఇచ్చాను". నవ్వొస్తోంది కదూ? నాకు కోపమొస్తోంది. అంత తెలివైన పిల్లల చేత మనం చేయించింది కాపీ.

ఇప్పుడు ఇంకా విచిత్రం. 2021లో నర్సింగ్ కౌన్సిల్ బీఎస్సీని సెమిస్టర్లు చేసి, ఈ మిడ్ లెవెల్ పాఠాలన్నీ డిగ్రీలోనే కలిపేసింది. ఆ సిలబస్‌లో చదివినవాళ్ళకి విడిగా బ్రిడ్జి అక్కర్లేదు. ఆరు నెలలే తక్కువరా బాబూ అని నేను మొత్తుకుంటుంటే, ఆ ఆరు నెలలు కూడా పోయాయి.

సరే, ఇంట్లో ఏముంది అంత నేర్చుకోవడానికి? చెప్తా. ఇదే అసలు విషయం.

సూది గుచ్చడం వార్డులో వస్తుంది. బీసీజీ, అదే టీబీ టీకా, ఎడమ భుజం, చర్మం పొరల్లో, పుట్టిన బిడ్డకి 0.05 ఎంఎల్. పది మంది పిల్లలకి వేస్తే చెయ్యి కుదురుతుంది. కానీ కొన్ని వారాలకి అక్కడ పుండు లేస్తుంది. లేవాలి, అది మామూలే. తల్లి హడలిపోయి పసుపు పూస్తుంది. ఆరు వారాలకి పెంటావాలెంట్, అదే అయిదు జబ్బులకి కలిపి వేసే టీకా, వేశాక ఆ రాత్రి బిడ్డకి జ్వరం, ఇంటిల్లిపాదికీ జాగారం. తండ్రి అంటాడు, "ఇంక చాలు, మళ్ళీ తీసుకెళ్ళొద్దు" అని. పది వారాల డోసుకి, పద్నాలుగు వారాల డోసుకి ఆ బిడ్డ రావాలి. ఎలా వస్తుంది? జ్వరం వచ్చిన మర్నాడు పొద్దున్నే ఎవరో ఆ గుమ్మంలో నిలబడి, "రాత్రి ఏడ్చాడా? ఏడుస్తాడులే, ఈ పూట తగ్గిపోతుంది" అంటే వస్తుంది. అది ఏ వార్డులో నేర్పుతారు?

పుట్టింటి సంగతి తీసుకోండి. తొలి కాన్పుకి పిల్ల పుట్టింటికి పోవడం మనకి మామూలు. ఏడో నెలో, తొమ్మిదో నెలో, ఒక మంచిరోజు చూసుకుని వెళ్ళిపోతుంది. అత్తగారి ఊళ్ళో ఏఎన్ఎమ్ రిజిస్టర్లో పేరుంది, మనిషి లేదు. పుట్టింటి ఊళ్ళో మనిషుంది, పేరు లేదు. సరిగ్గా ప్రమాదం పెరిగే ఆఖరి నెలల్లో ఆ పిల్ల ఎవరి లెక్కలోనూ లేదు. యాప్‌లో నంబరు కొడితే వస్తుందంటారు. వస్తుంది, ఎవరన్నా కొడితే. అనుభవమున్న అక్క ఏం చేస్తుందో తెలుసా? అయిదో నెలలోనే అడుగుతుంది, "మీ అమ్మావాళ్ళది ఏ ఊరు? అక్కడ నర్సమ్మ ఎవరు?" అని. ఆ నర్సమ్మకి ఫోన్ కొట్టి, "మా పిల్ల మీ ఊరొస్తోంది, రక్తం తక్కువ, ఓ కన్నేసి ఉంచు" అంటుంది. ఇది ఏ మాడ్యూల్లో ఉంది? చూపించండి.

రక్తం తక్కువ అన్నాను కదా. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, అదే ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్, అయిదోది చూడండి, మన రెండు రాష్ట్రాల్లోనూ గర్భిణుల్లో సగం మందికి పైగా రక్తహీనత. ఐరన్ బిళ్ళలు లేకనా? బిళ్ళలున్నాయి! 180 ఇస్తాం, రిజిస్టర్లో టిక్కు పెడతాం. అవి ఎక్కడున్నాయి? అలమారలో బట్టల కింద. ఎందుకు? వేసుకుంటే విరేచనం నల్లగా అవుతోంది, బిడ్డ కూడా నల్లగా పుడతాడేమోనని భయం. ఆ సంగతి సెంటర్లో అడిగితే చెప్పదు, "వేసుకుంటున్నా మేడమ్" అంటుంది. ఇంటికి రెండుసార్లు వెళ్ళినా చెప్పదు. మూడోసారి మంచినీళ్ళిస్తుంది. నాలుగోసారి, అత్తగారు పెరట్లోకి వెళ్ళినప్పుడు, అలమార తీసి చూపిస్తుంది.

అందుకే నేనంటాను, మొదటిసారి వెళ్తే సర్వే, నాలుగోసారి వెళ్తే నర్సింగ్. మనం ట్రైనింగు పేరుతో పిల్లలకి నేర్పేదంతా మొదటిసారి వెళ్ళడమే! పోనీ ఉద్యోగంలో చేరాక నేర్చుకుంటారా అంటే, పొద్దున్నే ఫేస్ అటెండెన్స్, ఆపైన బీపీ, షుగరు లెక్కలకి ఎన్‌సీడీ యాప్, తల్లీబిడ్డల లెక్కలకి ఆర్‌సీహెచ్ ఎంట్రీ. మనిషి మొహం చూసే టైమెక్కడిది?

అత్తగారంటే గుర్తొచ్చింది. బాలింత ఇంట్లో డాక్టరు ఎవరనుకున్నారు? అమ్మమ్మ. మంచినీళ్ళు ఎన్ని తాగాలో ఆవిడ చెప్తుంది. ఏ కూర వేడి, ఏ కూర వాతం, ఆవిడే. ముర్రుపాలు పట్టాలా పిండి పారబోయాలా, ఆవిడే. కొత్త నర్సు వెళ్ళి "అది మూఢనమ్మకం ఆంటీ" అందనుకోండి, ఆ ఇంటి తలుపు ఆరు నెలలు తెరుచుకోదు. మన అక్క ఏమంటుంది? "పెద్దమ్మా, చెవుల్లో దూది మీరు పెట్టింది మంచిదే, చలిగాలి తగలదు. నీళ్ళు మాత్రం కాచి చల్లార్చి అడిగినన్ని ఇవ్వండి, పాలు పడాలి కదా." ఒకటి ఒప్పుకుంది, ఒకటి గెల్చుకుంది. దీనికి వంద మార్కులు వేయగల ప్రొఫెసర్ ఎవరో చెప్పండి. ఆయనకి ఇది తెలియాలి కదా ముందు!

పాత సంగతి ఒకటి, రెండు ముక్కల్లో. ఇంటింటికీ తిరిగే హెల్త్ విజిటర్ల కోసం ఢిల్లీలో లేడీ రీడింగ్ హెల్త్ స్కూల్ పెట్టింది 1918లో. నూరేళ్ళు దాటింది. ఏఎన్ఎమ్ కోర్సు 1951లో పంజాబ్ తర్న్ తారన్‌లో మొదలైంది, రెండేళ్ళ కోర్సు. 1973లో కర్తార్ సింగ్ కమిటీ అందర్నీ మల్టీపర్పస్, అంటే అన్ని పనులూ చేసేవాళ్ళుగా, చెయ్యమంది, ఆ తర్వాత కోర్సుని ఏడాదిన్నరకి కోశారు, మళ్ళీ ఎప్పటికో రెండేళ్ళు చేశారు. ఆ మధ్యలోనే ఎమర్జెన్సీ. 1976-77 ఒక్క ఏడాదిలో దేశంలో 80 లక్షలకు పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు. టార్గెట్ల కాగితం పట్టుకుని తిరిగిన నర్సమ్మని చూసి జనం తలుపులేసుకున్నారు. ఆ తలుపుల్ని మళ్ళీ తీయించింది ఏ కమిటీయో కాదు, ఆ నర్సమ్మలే, ఒక్కో ఇల్లూ చేసుకుంటూ. ఆ విద్యకి సర్టిఫికెట్ లేదు. పైగా 2023లో తెలంగాణలో కాంట్రాక్టు సెకండ్ ఏఎన్ఎమ్‌లు (సబ్ సెంటర్లో రెండో ఏఎన్ఎమ్‌గా పెట్టినవాళ్ళు) పర్మినెంట్ చెయ్యమని సమ్మె చేస్తే, వాళ్ళకి చూపించిన దారి ఏంటి? పరీక్ష రాయండి! ఏళ్ళ తరబడి పల్లెలు తిరిగినామెని బిట్లు పెట్టి పరీక్షిస్తారా?

ఇంగ్లండ్ సంగతి చెప్తే "మొదలెట్టాడు ఫారిన్ సోది" అంటారు గానీ, ఒక్కటి వినండి. అక్కడున్న మన తెలుగు తల్లుల్ని అడగండి, బిడ్డ పుట్టిన రెండు వారాల్లోపు హెల్త్ విజిటర్ ఇంటికొస్తుంది, రెడ్ బుక్కులో, అదే బిడ్డ ఆరోగ్యం రాసుకునే పుస్తకంలో, రాస్తుంది. ఆమె ముందే రిజిస్టర్డ్ నర్సో మిడ్‌వైఫో అయ్యుండాలి, దాని మీద దాదాపు ఏడాది కోర్సు, అందులో సగం ఫీల్డ్‌లో. ఫీల్డ్‌లో ఆమెని అసెస్ చేసేది ఎవరు? అదే పని చేసి అదే రిజిస్టర్లో ఉన్న మనిషి. అక్కడ కూడా 2015 తర్వాత వాళ్ళ సంఖ్య పడిపోయింది, స్వర్గమేం కాదు. కానీ పెన్ను మాత్రం సరైన చేతిలో ఉంది.

ఇప్పుడు మీ కామెంట్‌కి వద్దాం. "తక్కువ చదివినామె మార్కులు వేస్తుందా?" ఫార్మకాలజీకి వేయమనట్లేదండీ! గుండె చప్పుడు వినడానికీ, ఇన్సులిన్ డోసుకీ వేయమనట్లేదు. అక్కడ బీఎస్సీ చెల్లెలే గొప్ప, ఏఎన్ఎమ్ అక్కే ఆమె దగ్గర నేర్చుకోవాలి. నేనడుగుతోంది ఒక్క పేపరు. స్టూడెంటుకి పది ఇళ్ళివ్వండి. ఒక్కో ఇంటికి నాలుగుసార్లు వెళ్ళాలి. బస్సులో గుంపుగా కాదు, అక్క వెనకాల ఒక్కత్తీ. నాలుగోసారి ఆ ఇంటివాళ్ళు మొదటిసారి చెప్పనిది ఏం చెప్పారో ఆ పిల్ల అక్కకి చెప్పాలి. అక్క మార్కులేస్తుంది. సున్నా వేస్తే ఫెయిలు. మళ్ళీ చెయ్యి.

ఏఎన్ఎమ్‌లందరూ దేవతలని నేననట్లేదు. బుధవారం, శనివారం టీకా వేసి, అరగంట కూర్చోబెట్టకుండా పంపేసేవాళ్ళూ ఉన్నారు, ఇంటికెళ్ళకుండానే రిజిస్టర్ నింపేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళకి పెన్ను ఇవ్వొద్దు. ఎవరికివ్వాలో ఊళ్ళో ఏ తల్లినడిగినా చెప్తుంది.

సీహెచ్ఓ చెల్లెళ్ళూ, తిట్టేముందు ఒక్క పని చెయ్యండి. మీ కమ్యూనిటీ పోస్టింగులో ఒకే ఇంటికి నాలుగుసార్లు వెళ్ళినవి ఎన్నో కింద రాయండి. మీ బ్యాచ్ ఏ సంవత్సరమో కూడా. సున్నా అయినా రాయండి, ఎవరూ నవ్వరు. ఏఎన్ఎమ్ అక్కలూ, మీరు ఒక స్టూడెంటుని మీ వెంట తిప్పితే ముందు ఏ ఇంటికి తీసుకెళ్తారో, ఎందుకో రాయండి. పేర్లొద్దు, ఇంటి సంగతి చాలు. వచ్చే వీడియోలో అవే చదువుతాను.