ఎపిసోడ్ 47: పది గంటల్లో అయిపోయే ఆటలు

వంశీ: ఎర్ర లైటొచ్చింది, మొదలెడదాం. నమస్కారం. ఈ వారం పది గంటల లోపు అయిపోయే ఆటలు. శనివారం పట్టుకుంటే ఆదివారం రాత్రికి వదిలేయొచ్చు. నేను, లావణ్య, శేఖరన్న.

శేఖర్: ఈ కేబుల్ మళ్ళీ ఎవరు పెట్టారు?

లావణ్య: అన్నా, కేబుల్ ఊసెత్తనని మాటిచ్చావు.

వంశీ: మొదటిది 'ఏ షార్ట్ హైక్', 2019ది. ఓ చిన్న పక్షి కొండెక్కాలి. బంగారు ఈకలు ఎన్ని పోగుచేస్తే అంతసేపు ఎక్కగలుగుతుంది. తిన్నగా పోతే రెండు గంటల్లో శిఖరం మీదుంటారు. కానీ తిన్నగా పోవద్దు, చేపలు పట్టండి. రెండోది 'రిటర్న్ ఆఫ్ ది ఓబ్రా డిన్', 2018. ఓడలో అరవై మంది. ఎవరు ఎలా పోయారో పుస్తకంలో రాయాలి. ముగ్గురివి సరిగ్గా పడితేనే ఖాయం చేస్తుంది కాబట్టి గుడ్డిగా గుద్దుకుంటూ పోతే కుదరదు. ఊగే మంచాల దగ్గర...

లావణ్య: ఆగాగు! అది చెప్తే ఇక ఆడేదేముంది?

వంశీ: సరే, చెప్పను. మూడోది 'సెలెస్ట్'. ఇదీ 2018దే. మామూలు కథ వరకే అయితే పది గంటల్లో అవుతుంది, బి-సైడ్లు, అంటే అదనంగా ఉండే కష్టమైన స్థాయిలు, లెక్కలోకి తీసుకోవద్దు. కష్టమనిపిస్తే అసిస్ట్ మోడ్‌లో ఆట వేగం తగ్గించుకోండి, తప్పేం లేదు. మనకొచ్చిన మెయిళ్ళలో మాత్రం ఎక్కువమందిది ఒకటే గోల. పైకి డ్యాష్ కొడితే, అంటే ఒక్క ఊపున దూసుకుపోతే, ఐమూలగా పోతోందట.

లావణ్య: కంట్రోలర్ మీది స్టిక్‌తో ఆడుతుంటారు. డ్యాష్‌కి ఎనిమిదే దిక్కులు, డి-ప్యాడ్ మీద, అదే ప్లస్ గుర్తులా ఉండే బొత్తం మీద, ఆడితే ఆ గొడవుండదు. డి-ప్యాడ్‌కి మారాక బాగుంటే అనుమానం స్టిక్ మీదే. డ్రిఫ్ట్, అంటే ముట్టకపోయినా స్టిక్ కదిలినట్టు చూపడం, మొదలైందేమో చూసుకోవాలి.

వంశీ: డెడ్‌జోన్, అదే స్టిక్ మధ్యలో ఆట పట్టించుకోని మేర, కాస్త పెంచితే సరి. నాలుగోది...

లావణ్య: పెంచితే సరా? ఎంత పెంచుతావ్?

వంశీ: పదిహేను శాతం.

లావణ్య: చూడకుండానే పదిహేనా? ముందు బ్రౌజర్లో గేమ్‌ప్యాడ్ టెస్టర్ తెరవాలి. స్టిక్ వదిలేసినప్పుడు రెండు అంకెలూ సున్నా దగ్గరుండాలి. 0.03, 0.04 అయితే భయం లేదు. తర్వాత స్టిక్‌ని ఓ పక్కకి పూర్తిగా లాగి టప్పున వదలాలి. నాలుగు దిక్కులా అలాగే. ప్రతిసారీ ఎక్కడ ఆగుతోందో చూసి, అన్నిటికంటే పెద్ద అంకె 0.08 అనుకో, డెడ్‌జోన్ పది శాతం పెడితే చాలు. అంతకు మించి పెడితే మెల్లగా గురి చూసే ఆటల్లో ఆ మెల్లదనమే పోతుంది.

వంశీ: అదే కదా నేనన్నది. డెడ్‌జోన్‌తో పనైపోయింది.

లావణ్య: కాలేదు. అరుగుదల మధ్యలోనే కాదు, అంచుల్లో కూడా ఉంటుంది. పూర్తిగా తోసినా 0.92 దాటదు, నీ బొమ్మ పరిగెత్తడం మానేసి నడుస్తుంది. దానికి బయటి డెడ్‌జోన్ వేరే ఉంటుంది, పీసీ ఆటల యాప్ స్టీమ్‌లో అదీ సర్దుకోవచ్చు. ఇంకోటి, కొన్ని ఆటలకి సొంత డెడ్‌జోన్ లోపలే ఉంటుంది. నువ్వు స్టీమ్‌లో ఇంకోటి పెడితే రెండూ కలిసి పావు వంతు స్టిక్ చచ్చుబడిపోతుంది.

శేఖర్: మౌస్‌కి ఈ తద్దినాలేం లేవు. అందుకే రాజ్యం కట్టుకునే ఆట ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2...

వంశీ: వచ్చేశాయి ఆ ఆటలో గొర్రెలు.

శేఖర్: గొర్రెల మాటే ఎత్తలేదు నేను!

లావణ్య: డెడ్‌జోన్‌ల్లోనూ రకాలున్నాయి. గుండ్రటిది వాడండి, రేడియల్ అంటారు. ఒక్కో అక్షానికి విడివిడిగా కోసేదుంటుంది చూడు, యాక్సియల్, అది పెడితే ఐమూలగా మెల్లగా తిప్పినప్పుడు గురి అడ్డంగానో నిలువుగానో అతుక్కుంటుంది. చాలామంది డ్రిఫ్ట్ అనుకునేది ఇదే.

వంశీ: సరే తల్లీ, నిజంగా అరిగిందే అనుకుందాం. శుభ్రం చేస్తే పోదా?

లావణ్య: దుమ్మైతే పోతుంది. స్టిక్ కింద ఉండేవి పొటెన్షియోమీటర్లు, ఒక్కో స్టిక్‌కి రెండు. కార్బన్ పట్టీ మీద చిన్న లోహపు వేళ్ళు రాసుకుంటూ తిరుగుతాయి. పాత రేడియోలో వాల్యూమ్ తిప్పితే గరగరమనేదీ ఇలాంటి పార్టే. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 99 శాతంది రెండు చుక్కలేసి, స్టిక్ ఓ ముప్పైసార్లు తిప్పి, బాగా ఆరనిచ్చి చూడాలి. వారానికే మళ్ళీ వచ్చిందంటే కార్బనే అరిగింది, దాన్ని ఏ ద్రావకమూ తిరిగి పుట్టించదు. డబ్ల్యూడీ-40 మాత్రం కొట్టకండి. జిడ్డు మిగిలి దుమ్ము పట్టేస్తుంది.

వంశీ: అప్పుడు కొత్త కంట్రోలర్.

లావణ్య: అప్పుడు కొత్త స్టిక్ మాడ్యూల్! ప్లేస్టేషన్ 5 కంట్రోలర్ డ్యుయల్‌సెన్స్ తీసుకో, నాలుగే స్క్రూలు. ముందున్న నల్ల పట్టీ ఊడదీస్తే రెండు, ఎల్1, ఆర్1 బొత్తాల కింద రెండు. తెరవగానే మొదట బ్యాటరీ పీకాలి. వైబ్రేషన్ మోటార్ల తీగలు బోర్డుకే అతికి ఉంటాయి, గబుక్కున లాగితే తెగుతాయి. మాడ్యూల్‌కి పద్నాలుగు కాళ్ళు. కంపెనీ వేసే సోల్డర్లో సీసముండదు, తొందరగా కరగదు. అందుకని ముందు సోల్డర్ బాగా పారేలా చేసే ఫ్లక్స్ రాసి, పద్నాలుగింటి మీదా సీసమున్న 60/40 సోల్డర్ కొంచెం కొంచెం కలపాలి. కలిస్తే కరిగే వేడి తగ్గుతుంది. ఐరన్ 350 డిగ్రీలు. తర్వాత పంపుతో పీల్చేయాలి.

శేఖర్: గ్రౌండ్ కాలు రాదు.

లావణ్య: కరెక్టన్నా! అక్కడే అందరూ చెడగొట్టేది. గ్రౌండ్ చుట్టూ రాగి ఎక్కువ, వేడంతా లాగేస్తుంది. కరగకముందే మాడ్యూల్ పెకలిస్తే ప్యాడ్ కూడా ఊడొస్తుంది. ఇంకో రెండు సెకన్లు ఆగాలి, లాగకూడదు.

వంశీ: ఐరన్ ముట్టనివాళ్ళు?

లావణ్య: పొటెన్షియోమీటర్ పచ్చ మూతని సన్న స్క్రూడ్రైవర్‌తో మెల్లగా విప్పితే లోపల తెల్ల చక్రం ఉంటుంది, దాన్ని మార్చొచ్చు. చవక మందు, కొన్నాళ్ళే. ఎలాగూ సోల్డర్ చేస్తున్నారంటే హాల్ ఎఫెక్టో టీఎంఆరో, ఆ రకం మాడ్యూల్ వేసుకోండి. అయస్కాంతం, సెన్సర్. రాసుకోవడమే లేదు. సెగా వాళ్ళ డ్రీమ్‌క్యాస్ట్ కంట్రోలర్లో 1998లోనే ఉంది ఇది! ఇన్నేళ్ళయినా పెద్ద కంపెనీలు ఇంకా కార్బనే రుద్దుతున్నాయంటే... వద్దులే, నా నోరు మంచిది కాదు.

వంశీ: అయితే హాల్ వేస్తే జన్మలో డ్రిఫ్ట్ రాదా?

లావణ్య: వేసిన రోజే వస్తుంది, క్యాలిబ్రేట్ చేయకపోతే, అంటే కొత్త స్టిక్ కొలతలు కంట్రోలర్‌కి నేర్పకపోతే. మధ్య బిందువు, అంచులు రెండూ చేయాలి. డ్యుయల్‌సెన్స్‌కి యూఎస్‌బీ పెట్టి బ్రౌజర్లోనే చేయొచ్చు. స్ప్రింగ్ మాత్రం హాల్లోనూ వదులవుతుంది.

వంశీ: మన టైమంతా అయిపోయింది. నాలుగో ఆట 'ఇన్‌సైడ్', 2016, నాలుగు గంటలు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆడండి. అంతే.

శేఖర్: ఏజ్ 2 కూడా కంట్రోలర్‌తో వస్తోంది, తెలుసుగా? ఎక్స్‌బాక్స్‌లో 2023 జనవరిలో. పుట్టిన విలేజర్‌ని, అదే పనివాణ్ణి, నువ్వు పంపక్కర్లేదు, ముందే చెప్పిపెట్టిన పనికి తనే పోతాడు.

లావణ్య: అందులోని జాతుల్లో ద్రవిడియన్స్ కదా నువ్వు తీసుకునేది?

శేఖర్: 2022లో వచ్చారు. నైట్లు లేరు, ఏనుగులున్నాయి. ఏజ్, అంటే ఆటలో యుగం, మారిన ప్రతిసారీ 200 కలప ఉచితం. మాట్లాడేది మాత్రం తమిళం. క్యాంపెయిన్ రాజేంద్ర చోళుడిది. మన రాజమండ్రి రాజరాజనరేంద్రుడికి పిల్లనిచ్చిన మామగారమ్మా ఆయన! ఒక్క తెలుగు ముక్క వినపడదు.

వంశీ: పాపం. కంట్రోలర్‌తో తిండికి అడవిపందిని లాక్కురాగలవా?

శేఖర్: ఎందుకు రాలేను? ఒక్క దెబ్బ కొట్టి టౌన్ సెంటర్‌కి పరుగు. 340 ఆహారం. లూమ్ అనే అప్‌గ్రేడ్ ముందే వేసుకుంటే విలేజర్‌కి 15 ప్రాణం ఎక్కువ.

లావణ్య: లూమ్‌కి 25 సెకన్లు. ఆ టైంలో ఓ విలేజర్ పుట్టేవాడు. ఫ్యూడల్ ఏజ్‌కి వెళ్ళే బొత్తం నొక్కే ముందు వేసుకోవాలి.

శేఖర్: విలేజర్ చచ్చాక వేసుకుంటావా?

లావణ్య: చావకుండా లాక్కురావాలన్నా.

శేఖర్: కంట్రోలర్‌తోనా? డ్రిఫ్ట్ ఉన్న స్టిక్‌తోనా?

వంశీ: అయ్యా, మెమరీ కార్డు నిండింది, ఆప...