కొవ్వొత్తుల మిషన్ కొంటున్నారా? ఆగండి!

మిషన్ కొనకండి. వీడియో మొత్తం నేను చెప్పేది ఇదే. తొందరున్నవాళ్లు ఇక్కడే ఆపేసి వెళ్లిపోవచ్చు.

ఆ రీల్స్ మీరూ చూసే ఉంటారు. "మిషన్ మాది, ముడిసరుకు మాది, ఇంట్లో కూర్చుని కొవ్వొత్తులు చేయండి, సరుకంతా మేమే కొంటాం!" ఇది మోసం అని పోయిన వీడియోలో అన్నందుకు నన్ను ఉతికి ఆరేశారు. ఆడవాళ్లు నాలుగు డబ్బులు సంపాదించుకుంటే నీకెందుకు ఏడుపు అట. అమ్మా, ఆ నాలుగు డబ్బులు పోతాయనే కదా నా గోల!

అంత లాభమే ఉంటే వాడే చర్లపల్లిలోనో జీడిమెట్లలోనో షెడ్డు అద్దెకు తీసుకుని పది మిషన్లు తిప్పుకోడా? మీ వంటింటి దాకా ఎందుకొస్తాడు? వాడు అమ్మేదే మిషన్. మీరు కొన్న రోజే వాడి బిజినెస్ అయిపోయింది. మొదటిసారి సరుకు తీసుకుని డబ్బులిస్తాడు, తర్వాత క్వాలిటీ లేదంటాడు, ఆ తర్వాత ఫోన్ ఎత్తడు. దీపం వత్తుల మిషన్ల పేరుతో మన హైదరాబాద్‌లోనే ఈ కథ పోలీసు కేసుల దాకా వెళ్లింది. అయినా మళ్లీ అదేనా!

పైగా అది పోసేది తెల్ల కొవ్వొత్తి. ఎవరు కొంటారండీ? కరెంటు కోతల రోజుల్లో ప్రతి ఇంట్లో ఫ్రిజ్ మీద ఓ ప్యాకెట్ ఉండేది. కరెంటు పోగానే అగ్గిపెట్టె కోసం ఇల్లంతా తడుముకోవడం, పిల్లలు గోడ మీద నీడలతో కుక్కలు, కుందేళ్లు చేయడం! ఇప్పుడు ఫోన్‌లో టార్చ్ వేస్తారు, అంతే. క్రిస్మస్‌కి చర్చిల దగ్గర అమ్ముడవుతాయి, కానీ అక్కడ ఫ్యాక్టరీ రేటుకి మీరివ్వలేరు.

అందుకే నా థియరీ, ఇక వెలుగు అమ్ముడుపోదు, వాసన అమ్ముడుపోతుంది. అందరూ లావెండర్, వెనిల్లా అంటారు. మల్లెపూలేవి? సాంబ్రాణి ఏది? ఇరానీ చాయ్ వాసనతో కొవ్వొత్తి చేస్తే ఈ ఊళ్లో కొననివాడు ఉంటాడా? అలాగని చార్మినార్ దగ్గర అత్తరు కొని మైనంలో పోసేయకండి. కొవ్వొత్తుల కోసమే చేసిన సువాసన నూనె వాడాలి. కిలో మైనానికి 60 నుంచి 80 గ్రాములు చాలు.

దీనికి మిషనెందుకు? రెండు గిన్నెలు, థర్మామీటర్, చిన్న డిజిటల్ త్రాసు. గ్లాసులు బేగంబజార్‌లో హోల్‌సేల్‌గా తెచ్చుకోండి. పారఫిన్ మైనం 60 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది, కాబట్టి నేరుగా మంట మీద పెట్టొద్దు, నీళ్ల గిన్నెలో పెట్టి కరిగించండి. మైనం అంటుకుంటే పొరపాటున కూడా నీళ్లు పోయకండి, మంట ఎగసిపడుతుంది. స్టవ్ ఆపి మూత పెట్టేయండి.

అసలు తలనొప్పి వత్తి. గ్లాసు వెడల్పుకి వత్తి సన్నమైతే మధ్యలో గొయ్యి పడి అంచుల్లో మైనం మిగిలిపోతుంది. లావైతే మసి, గాజు కూడా పగలొచ్చు. ఒకే సైజు గ్లాసు పట్టుకుని వత్తులు మార్చి మార్చి కాల్చి చూడండి. మొదటి బ్యాచ్ అమ్మకండి, కాల్చేయండి.

డబ్బు చాలకపోతే చిన్న వ్యాపారాలకు అప్పిచ్చే కేంద్ర ప్రభుత్వ ముద్ర పథకంలో శిశు లోన్ 50 వేల దాకా ఉంది. చిన్న వ్యాపారాన్ని ప్రభుత్వం దగ్గర నమోదు చేసుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, దానికి ఫీజు అడిగినవాణ్ని గుమ్మంలోంచే పంపించేయండి. ఆ లోన్ తెచ్చి మిషన్ మీద పెట్టారా, కొరివితో తల గోక్కున్నట్టే.

ఇప్పటికే కొన్నవాళ్లు ఉంటే, మీ అగ్రిమెంట్‌లో సరుకు వెనక్కి కొనడం గురించి ఏం రాశారో అక్షరం పొల్లుపోకుండా కామెంట్‌లో పెట్టండి. పేర్లు, నంబర్లు తీసేసి వచ్చే వీడియోలో ఒక్కొక్కటే చదువుతా.