తలుపు కింద సందు (అపార్ట్‌మెంట్ వార్షిక సమావేశంలో ప్రసంగం)

అధ్యక్షుల వారికీ, సెక్రటరీ గారికీ, వెనక కుర్చీల్లో టీ తాగుతున్న వారికీ నమస్కారం. ఎజెండాలో నా పేరు పక్కన ‘వేసవి జాగ్రత్తలు, పది నిమిషాలు’ అని వేశారు. మంచినీళ్లు తాగండి, ఎండలో తిరక్కండి. జాగ్రత్తలు అయిపోయాయి. మిగతా తొమ్మిది నిమిషాలూ నా ఏసీ గోడు వినాలి.

ముప్పై అయిదేళ్లు బడిలో భౌతికశాస్త్రం చెప్పాను. వేడి ఎటు నుంచి ఎటు పోతుందో బోర్డు మీద బాణాలు గీసి మరీ చెప్పాను. అలాంటివాణ్ణి, అయిదో అంతస్తులో పడమటి గదికి ఒకటిన్నర టన్నుల ఏసీ పెట్టించి, చల్లబడటం లేదని మెకానిక్‌ని పిలిచాను. గ్యాస్ తగ్గిందన్నాడు, పట్టించాను. నెల తిరక్కుండా మళ్లీ అదే మాట, మళ్లీ పట్టించాను. గొట్టాల్లో లీకు లేకపోతే గ్యాస్ తగ్గదని నాకు తెలియదా? తెలుసు. అయినా డబ్బులిచ్చాను. చివరికి షాపాయన రెండు టన్నులది వేయమంటే అదీ వేశాను.

టన్నంటే ఏసీ బరువు కాదండీ. ఒక టన్ను మంచు 24 గంటల్లో కరగడానికి ఎంత వేడి కావాలో, అంత వేడిని గదిలోంచి లాగేసే శక్తి. సుమారు మూడున్నర కిలోవాట్లు. అలాంటివి రెండు పెట్టుకుని కూడా నేను చెమటలు తుడుచుకుంటున్నాను!

మా అమ్మాయి పురిటికి వచ్చిన ఏడాది, మే నెల. మా అమ్మకి ఏసీ పడదు. ‘నాకొద్దురా ఆ చలి’ అంటూ చాప తెచ్చి సరిగ్గా గది తలుపు బయట వేసుకునేది. హాల్లో ఇంత జాగా ఉండగా ఇక్కడెందుకమ్మా అంటే పలికేది కాదు. ఒక రాత్రి మంచినీళ్లకి లేచి చూస్తే ఆవిడ దుప్పటి ముసుగేసుకుని పడుకుంది. విజయవాడలో, మే నెలలో, దుప్పటి! వంగి తలుపు కింద చెయ్యి పెట్టాను. చిటికెన వేలు దూరేంత సందు. చల్లగాలి బరువు కదా, నేలబారుగా జారి బయటికి పోతోంది. రెండు టన్నుల ఏసీ మా అమ్మ పాదాలకి సేవ చేస్తోంది.

చల్లగాలి పోయిందంటే అంత వేడిగాలీ ఎక్కణ్ణుంచో రావాలి. మర్నాడు అగరొత్తి వెలిగించి, ఏసీ వేసి, గోడల వెంట తిరిగాను. ఏసీ పైపుల కోసం కొట్టిన కన్నం దగ్గర పొగ మొహాన కొట్టింది. స్లైడింగ్ కిటికీ పట్టాల దగ్గర వణికింది. బాత్రూం తలుపు దగ్గర కూడా అంతే. కన్నానికి పుట్టీ, కిటికీకి బ్రష్ టేపు, తలుపులకి రబ్బరు పట్టీ. అన్నిటికీ కలిపి ఒక్కసారి గ్యాస్ పట్టించినంత కాలేదు.

మీరూ చూడండి, ఈ రాత్రే. ఇంకోటి, ఏసీ నీళ్ల గొట్టం కింద బకెట్ పెట్టండి. అర్ధరాత్రి దాటినా నీళ్లు సాయంత్రమంత జోరుగా పడుతుంటే బయటి తడిగాలి వస్తూనే ఉందన్నమాట. కృష్ణ పక్కన ఉన్నాం, ఉక్కకి కరువా? ఆ తడిని నీరు చేయడానికి కూడా మన మీటరే తిరగాలి.

అలాగని గదిని డబ్బాలా బిగించేసి మర్చిపోకండి. పొద్దున్నే కిటికీలు బార్లా తీయాలి. బాలింత గదిలో సాంబ్రాణి కుంపటి పెట్టి తలుపులు మూయొద్దు, బొగ్గుల పొగ ప్రాణం తీస్తుంది. ఇది మాత్రం నవ్వుతూ చెప్పడం లేదు.

ఇక అసలు సంగతి. సందులన్నీ మూశాక కూడా రాత్రి తొమ్మిదింటికి మంచమెక్కి సీలింగుకి చెయ్యి ఆనిస్తే పెనం మీద పెట్టినట్టుంది. పగలంతా తాగిన ఎండని శ్లాబు రాత్రి మా నెత్తిన పోస్తోంది. లోపల థర్మోకోల్ అతికిస్తే శ్లాబు కాగడం ఆగదు, పైగా వైర్ల పక్కన అది నిప్పుకి భయం. ఎండని పైనే ఆపాలి. మా ఊళ్లో డాబాకి ఏటా వేసవి ముందు సున్నం కొట్టేవారు, అంతకు మించిన విద్య లేదు. పక్కన తెలంగాణ 2023లో కూల్ రూఫ్ విధానమే, అంటే ఎండని తిప్పికొట్టే పైకప్పుల కోసం ఒక విధానమే తెచ్చింది. మనం టెర్రస్‌కి తెల్ల పెయింటు కొట్టించలేమా? కిందటేడు అడిగితే ‘కింది అంతస్తుల వాళ్లకి ఏం లాభం’ అన్నారు. గ్రౌండ్ ఫ్లోర్ వారు లిఫ్ట్ ఎక్కకపోయినా దాని మెయింటెనెన్స్ కట్టడం లేదా?

అయ్యయ్యో, లిఫ్ట్ మాట ఎత్తకుండా ఉండాల్సింది. సెక్రటరీ గారూ, మైకు మీరు తీసుకోండి.