దుబాయ్‌లో కంపెనీ జీతం ఆపిందా? క్యాంపు వదిలేముందు ఇవి చేయండి

నమస్తే అన్నలారా, తమ్ముళ్లారా.

రెండు నెలల నుంచి జీతం పడలేదు. అడిగితే ఫోర్‌మన్ "వచ్చే వారం చూద్దాం" అంటున్నాడు. ఇంటి దగ్గర అప్పుకు వడ్డీ పెరుగుతోంది. ఇట్లాంటప్పుడు మనవాళ్లలో చాలామంది ఓపిక పట్టలేక ఒక రాత్రి బ్యాగు సర్దుకుని, తెలిసినవాళ్ల రూముకు వెళ్లిపోయి, బయట పని వెతుక్కుంటారు. ఖల్లివల్లి అయిపోవడం అంటారే, అదే. దయచేసి ఆ పని చేయకండి. కంప్లయింట్ పెట్టకుండా క్యాంపు గేటు దాటొద్దు. వరుసగా 7 రోజులకు మించి పనిలోకి రాకపోతే, మీరు పని వదిలేసి పారిపోయారని కంపెనీ రిపోర్టు పెట్టగలదు. అది పడిందంటే, మీ జీతం ఏదని కంపెనీని అడగాల్సిన చోట, మీరు పారిపోలేదని మీరే రుజువు చేసుకోవాల్సి వస్తుంది.

ఇప్పుడు చెప్పేదంతా యూఏఈ గురించే. దుబాయ్, అబుదాబి, షార్జా, మిగతా నాలుగు ఎమిరేట్లు. సౌదీ, కువైట్, ఖతార్‌లో చట్టాలు వేరు, ఇవి అక్కడ పనిచేయవు. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల, కడప, కోనసీమ నుంచి చూస్తున్న ఇంటివాళ్లు చివరి దాకా ఉండండి. ఊరు నుంచి మీరు చేయగలిగిన పనులు ఆఖర్లో ఉన్నాయి.

అన్నిటికంటే ముందు మీ వీసా ఏదో చూసుకోండి. కంపెనీ వీసా, చేతిలో లేబర్ కాంట్రాక్టు ఉంటే మీకు 2021 నాటి 33వ నంబరు కార్మిక చట్టం వర్తిస్తుంది. అది 2022 ఫిబ్రవరి 2 నుంచి అమల్లో ఉంది. ఇంటి డ్రైవర్లు, వంటవాళ్లు, పనిమనుషులకు 2022లో వచ్చిన 9వ నంబరు చట్టం వేరే ఉంది. దాని ప్రకారం గడువు తేదీ తర్వాత 10 రోజుల్లోపు జీతం ఇవ్వాలి, కంప్లయింట్ మాత్రం ఇద్దరిదీ యూఏఈ కార్మిక మంత్రిత్వ శాఖకే. ఫ్రీజోన్ కంపెనీలో, అంటే సొంత నిబంధనలు, సొంత ఆఫీసు ఉన్న ప్రత్యేక వ్యాపార ప్రాంతంలోని కంపెనీలో ఉంటే ముందు ఆ ఫ్రీజోన్ ఆఫీసుకే వెళ్లాలి. విజిట్ వీసా మీద పని చేస్తుంటే మీకు లేబర్ కాంట్రాక్టే ఉండదు, కాబట్టి ఈ దారి చాలా కష్టం. పర్మిట్ లేకుండా మనిషిని పనిలో పెట్టుకున్న యజమానికి 2024 సవరణ తర్వాత లక్ష నుంచి 10 లక్షల దిర్హమ్‌ల దాకా జరిమానా ఉంది, నిజమే. కానీ ఆ డబ్బు మీ జేబులోకి రాదు. అందుకే ఏజెంటు "విజిట్ మీద పో, అక్కడికెళ్లాక మార్చుకోవచ్చు" అంటే ఆ మాట నమ్మి విమానం ఎక్కొద్దు.

ఇప్పుడు కాగితాలు. కేసు నిలబడేదీ పడిపోయేదీ ఇక్కడే, కాబట్టి కాసేపు దీని మీదే ఉందాం.

[స్క్రీన్ మీద: లేబర్ కాంట్రాక్టు, జీతం భాగం దగ్గరగా]

కాంట్రాక్టులో జీతం రెండు ముక్కలుగా ఉంటుంది. బేసిక్ ఒకటి, అలవెన్సులు ఒకటి. మొత్తం 1200 అని మీరు గుర్తుపెట్టుకుని ఉంటారు, లోపల బేసిక్ 800 మాత్రమే ఉండొచ్చు. గ్రాట్యుటీ అంటే ఉద్యోగం ముగిసినప్పుడు వచ్చే డబ్బు, ఓటీ అంటే ఓవర్‌టైమ్, మిగిలిన సెలవుల డబ్బు, మూడూ బేసిక్ మీదే లెక్క. ఊళ్లో ఏజెంటు చూపించిన కాగితం మీద ఒక అంకె, మంత్రిత్వ శాఖలో రిజిస్టరైన కాంట్రాక్టులో ఇంకో అంకె ఉంటే, అక్కడ చెల్లేది రిజిస్టరైనదే. మీ కాపీ లేకపోతే మంత్రిత్వ శాఖ యాప్‌లోనో, ఆ శాఖ పనులు చేసిపెట్టే తస్‌హీల్ సెంటర్‌లోనో తీసుకోండి. ఈ శాఖ పేరును పొట్టిగా మోహ్రే అంటారు.

తర్వాత జీతం కార్డు. కంపెనీలు జీతం డబ్ల్యూపీఎస్ ద్వారా, అంటే ప్రభుత్వానికి లెక్క కనిపించే పద్ధతిలో, బ్యాంకు ఖాతాలోనో కార్డులోనో వేయాలి. ఇక్కడ జరిగే మోసం ఒకటి చెప్తాను. కార్డులు, పిన్ నంబర్లు క్యాంపు బాస్ దగ్గర పెట్టుకుంటాడు. నెల కాగానే అందరి కార్డుల నుంచీ డబ్బు తీసి, సగం చేతికిచ్చి మిగతాది ఆపుతాడు. ప్రభుత్వం రికార్డులో మాత్రం పూర్తి జీతం పడినట్టే ఉంటుంది. మీరు వెళ్లి జీతం రాలేదంటే, వాళ్లు స్క్రీన్ తిప్పి చూపిస్తారు, ఇదిగో వచ్చింది కదా అని. అందుకే కార్డు మీ దగ్గరే ఉండాలి, పిన్ మీకొక్కరికే తెలియాలి. ఇప్పటికే ఇలా జరుగుతుంటే, డబ్బు ఏ తేదీన ఏ ఏటీఎం నుంచి డ్రా అయిందో స్టేట్‌మెంట్ తీయండి. ఆ రోజు ఆ టైముకు మీరు సైటులో డ్యూటీలో ఉన్నారని టైంషీట్ చెప్తే, అంతకంటే గట్టి రుజువు లేదు.

టైంషీట్ కాపీ ఇవ్వరు, నిజమే. రోజూ పని మొదలైన టైము, వదిలిన టైము ఒక చిన్న నోట్‌బుక్‌లో రాసుకోండి. ఫోర్‌మన్ వాట్సాప్ గ్రూపులో పెట్టే డ్యూటీ లిస్టుల స్క్రీన్‌షాట్లు దాచండి. వాటిని ఇంటికి కూడా పంపండి. ఫోన్ పోతే రుజువు పోకూడదు. పాస్‌పోర్టు, ఎమిరేట్స్ ఐడీ, లేబర్ కార్డు రెండు వైపులా ఫొటోలు తీసి పెట్టుకోండి. కార్మికుడి పాస్‌పోర్టు లాంటి కాగితాలు తన దగ్గర ఉంచుకునే హక్కు కంపెనీకి లేదు, అది చట్టంలోనే రాసి ఉంది.

ఇప్పుడు ఎంత రావాలో లెక్క వేద్దాం. చాలామంది "నా జీతం ఇప్పించండి సార్" అని ఊరుకుంటారు. అంకె చెప్పకపోతే కంపెనీ చెప్పిన అంకె దగ్గరే బేరం మొదలవుతుంది.

[స్క్రీన్ మీద: తెల్ల కాగితం, పెన్నుతో రాస్తూ]

బేసిక్ 800, అలవెన్సు 400, మొత్తం 1200. సర్వీసు సరిగ్గా మూడేళ్లు. మూడు నెలల జీతం ఆగింది, అంటే 3600. గ్రాట్యుటీ ఏడాది పూర్తయిన వాళ్లకు వస్తుంది. మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్, ఐదేళ్లు దాటాక ఆపై ప్రతి ఏడాదికి 30 రోజులు. 800ను 30తో భాగిస్తే రోజుకు 26 దిర్హమ్‌ల 67 ఫిల్స్. దాన్ని 21తో గుణిస్తే ఏడాదికి 560, మూడేళ్లకు 1680. జీతం లేకుండా సెలవు పెట్టిన రోజులు సర్వీసులో తీసేస్తారు. చివరి ఏడాది సెలవు వాడుకోలేదనుకుందాం, 30 రోజుల బేసిక్, ఇంకో 800. ఓటీ 40 గంటలు బాకీ. గంట బేసిక్ 3.33, దానికి 25 శాతం కలిపితే 4.17, మొత్తం సుమారు 167. రాత్రి 10 నుంచి తెల్లవారి 4 మధ్య చేసిన ఓటీకైతే 50 శాతం కలపాలి, షిఫ్టుల మీద పనిచేసే వాళ్లకు ఇది వర్తించదు. అన్నీ కూడితే 6247 దిర్హమ్‌లు. వేరే కంపెనీలో చేరకుండా ఇంటికి పోతుంటే టికెట్ కూడా అడగండి. ఈ కాగితమే మీ కంప్లయింట్‌కు వెన్నెముక.

కంపెనీ ఏవేవో కోతలు చూపిస్తుంది. అన్నీ కలిపినా జీతంలో సగం దాటకూడదు. వీసా ఖర్చు, రిక్రూట్‌మెంట్ ఖర్చు మీ నుంచి పట్టుకోవడం అసలే కుదరదు, ఆ ఖర్చు యజమానిదే.

ఇక కంప్లయింట్. ఎన్నాళ్లు ఆగాలి? 2022 నాటి 598వ నంబరు ఉత్తర్వు జీతం గడువు తేదీ తర్వాత కంపెనీకి 15 రోజులు ఇచ్చింది. ఆ 15 రోజులు దాటాక మీరు ఓపిక పట్టాల్సిన పని లేదు. మూడు నెలలు, నాలుగు నెలలు ఆగితే కంపెనీ మూతపడే లోపు మీ వంతు రాకపోవచ్చు. పేరు బయటపడుతుందని భయముంటే, మోహ్రేలో 'మై శాలరీ' అని ఒక సేవ ఉంది, జీతం ఆగిందని గుట్టుగా తెలియజేయొచ్చు. దాంతో తనిఖీ జరుగుతుంది, కానీ మీ పేరున డబ్బు రాబట్టాలంటే పేరుతోనే కంప్లయింట్ పెట్టాలి. మోహ్రే యాప్‌లో పెట్టొచ్చు, లేదా 80084కు ఫోన్ చేయొచ్చు. అరబీ, ఇంగ్లిష్ రాకపోతే హిందీలో మాట్లాడే మనిషిని అడగండి. పాస్‌పోర్టు నంబరు, లేబర్ కార్డు నంబరు, మీ పేరు మీదున్న సిమ్ నంబరు దగ్గర పెట్టుకోండి. మెసేజ్‌లన్నీ ఆ నంబరుకే వస్తాయి. దోస్తు సిమ్ ఇచ్చి, వాడు ఊరికి పోతే, మీ కేసు తేదీ మీకు తెలియదు. ఇట్లా పోయిన కేసులు ఎన్నో.

పనిలోకి మాత్రం వెళ్తూనే ఉండండి. అందరూ కలిసి పని ఆపేసి గేటు దగ్గర కూర్చోవడం అక్కడ పనికొచ్చే దారి కాదు, కేసు మీ మీదకే తిరుగుతుంది. కలిసి కంప్లయింట్ పెట్టండి, అది గట్టిగా పనిచేస్తుంది.

మంత్రిత్వ శాఖ ముందు రెండు వైపులా పిలిచి రాజీకి చూస్తుంది. మీ క్లెయిమ్ 50,000 దిర్హమ్‌లకు మించకపోతే, రాజీ కుదరకపోయినా 2024 జనవరి నుంచి మంత్రిత్వ శాఖే తీర్పు ఇవ్వగలదు, దాన్ని కోర్టు ఉత్తర్వులాగే అమలు చేయించుకోవచ్చు. ఒప్పుకోని వాళ్లు 15 పని దినాల్లో కోర్టుకెళ్లాలి. 50,000 దాటితే, రాజీ కాకపోతే కోర్టుకు పంపుతారు. ఆ లేఖ చేతికి రాగానే కేసు నమోదు చేయించండి, జేబులో పెట్టుకుని తిరగొద్దు. లక్ష దిర్హమ్‌ల దాకా క్లెయిమ్‌కు కోర్టు ఫీజు లేదు. ఉద్యోగం ముగిసిన రోజు నుంచి రెండేళ్ల లోపు క్లెయిమ్ చేయాలి. కేసు నడిచే కాలంలో రెండు నెలల దాకా జీతం ఇస్తూ ఉండమని కంపెనీని ఆదేశించే అధికారం కూడా మంత్రిత్వ శాఖకు ఉంది. ఆ మాట మీరే అడగండి. కంప్లయింట్ పెట్టారన్న కోపంతో ఉద్యోగం తీసేస్తే, మూడు నెలల జీతం దాకా నష్టపరిహారం వేసే వీలు చట్టంలో ఉంది.

ఈ దశలో ఒక కాగితం మీ ముందుకొస్తుంది. జాగ్రత్తగా వినండి. కంపెనీ తరఫున వీసా, ప్రభుత్వ కాగితాల పని చూసే పీఆర్వో, అంటే మందూబ్, "సంతకం పెట్టు, వీసా క్యాన్సిల్ చేస్తాం, రేపు టికెట్, డబ్బు ఎయిర్‌పోర్టులో ఇస్తాం" అంటాడు. ఆ క్యాన్సిలేషన్ కాగితంలో, నాకు రావాల్సిన బాకీలన్నీ ముట్టాయి అన్న వాక్యం ఉంటుంది. మీ సంతకం ఆ వాక్యం కింద పడుతుంది. డబ్బు మీ ఖాతాలో పడ్డట్టు ఫోన్‌లో మెసేజ్ చూశాకే సంతకం. చెక్కు ఇస్తే, అది పాసయ్యాకే. చదవడం రాకపోతే ఫొటో తీసుకుని తెలిసినవాళ్లకు పంపి, చదివించుకుని పెట్టండి. ఫొటో తీయనివ్వకపోతే సంతకం పెట్టకండి. ఉద్యోగం ముగిసిన 14 రోజుల్లో బాకీ మొత్తం తీర్చాలని చట్టం చెప్తుంది, "రెండు నెలల తర్వాత ఊరికి పంపిస్తాం" అనే మాట ఆ చట్టంలో లేదు.

జీతం ఇవ్వని చోట ఉండలేం, నోటీసు లేకుండా మానేయాలనుకుంటే దానికీ దారి ఉంది. మానేసే తేదీకి 14 పని దినాల ముందు మంత్రిత్వ శాఖకు తెలియజేయాలి. అప్పటికీ కంపెనీ తప్పు దిద్దుకోకపోతే హక్కులు పోకుండా బయటికి రావచ్చు. ఆ తర్వాత టెంపరరీ పర్మిట్ లేకుండా ఇంకోచోట పని మాత్రం చేయొద్దు.

కంపెనీ దివాలా తీసి యజమాని దేశం వదిలి పోతే? కంపెనీ ప్రతి కార్మికుడి పేరున 3000 దిర్హమ్‌ల బ్యాంకు గ్యారంటీ గానీ, 20,000 దాకా కవరయ్యే బీమా గానీ కట్టి ఉండాలి. మీ కంపెనీ ఏది కట్టిందో మోహ్రేని అడగండి.

మన వైపు నుంచి సాయానికి, దుబాయ్‌లో ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం ఉంది. యూఏఈ లోపల నుంచి ఉచితంగా 80046342. న్యాయ సలహా ఇస్తారు, మరీ ఇబ్బందుల్లో ఉన్నవాళ్లకు ఇండియన్ కమ్యూనిటీ వెల్ఫేర్ ఫండ్ నుంచి టికెట్, వసతి అడగొచ్చు. ఇంటివాళ్లు విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు వేయొచ్చు. తెలంగాణవాళ్లు హైదరాబాద్‌లో ప్రవాసీ ప్రజావాణికి, ఆంధ్రావాళ్లు ప్రవాసాంధ్రుల కోసం ఉన్న ఏపీఎన్‌ఆర్‌టీ సొసైటీకి రాయొచ్చు. మోసం చేసింది ఏజెంటయితే, భారత ప్రభుత్వ ఈమైగ్రేట్ వెబ్‌సైట్‌లో వాడికి లైసెన్సు ఉందో లేదో చూడండి. లైసెన్సున్న ఏజెంటు కూడా 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు. రసీదు లేకపోయినా ఫోన్‌పే, గూగుల్‌పే స్క్రీన్‌షాట్, బ్యాంకు స్టేట్‌మెంట్ పోలీస్ స్టేషన్‌లో ఇవ్వండి.

డబ్బు తేలకుండానే ఊరికి రావాల్సి వస్తే, విమానం ఎక్కే ముందే అక్కడ నమ్మకస్తుడికి పవర్ ఆఫ్ అటార్నీ, అంటే మీ బదులు కేసు నడిపే అధికారం ఇచ్చే కాగితం, రాసిచ్చి రండి. అక్కడ ఉండగా చేస్తే పని సులువు. వచ్చాక చేయాలంటే ఇక్కడ నోటరీ, ఆపైన రాష్ట్ర ప్రభుత్వ అటెస్టేషన్, విదేశాంగ శాఖ ముద్ర, ఆఖరున యూఏఈ ఎంబసీ లేదా కాన్సులేట్ ముద్ర, ఇన్ని మెట్లు ఎక్కాలి. అందులో మీ పేరు, తండ్రి పేరు పాస్‌పోర్టులో ఉన్న అక్షరాలతోనే ఉండాలి. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, పాస్‌పోర్టులో వెనక ఉంటుంది కొందరికి. నోటరీ దగ్గర టైపు చేయించేటప్పుడే పాస్‌పోర్టు పక్కన పెట్టి ఒక్కో అక్షరం సరిచూసుకోండి.