సెల్ఫ్ మార్చేముందు మీటరు పెట్టండి

అందరికీ నమస్కారం. ఆటోనగర్‌లో ఇంతమంది డ్రైవర్లు, సొంత కార్ల వాళ్లు ఒకచోట దొరికారు కాబట్టి సూటిగా విషయంలోకి వస్తాను.

కీ తిప్పుతాం, టక్ అంటుంది, బండి స్టార్ట్ అవదు. పక్కనున్న ఎవరో ఒకరు "సెల్ఫ్ పోయింది, మార్చెయ్యండి" అంటారు. సెల్ఫ్ అంటే ఇంజిన్‌ను తిప్పి స్టార్ట్ చేసే మోటారు. వేలకు వేలు పెట్టి మారుస్తాం. వారం తిరక్కుండా మళ్లీ అదే టక్. తప్పు సెల్ఫ్‌లో ఉందో లేదో చూడకుండా మార్చాం కదా మరి! నా దగ్గరికొచ్చే వాళ్లకి రోజూ చెప్పేది ఇదే, విప్పకముందు కొలవండి.

ముందు చెవి పెట్టండి. టకటకటకా అని వరసగా కొట్టుకుంటే దాదాపు ఎప్పుడూ బ్యాటరీ డౌన్, లేకపోతే టెర్మినల్ లూజు. గుయ్ మని తిరుగుతున్నా ఇంజిన్ కదలకపోతే పినియన్, అంటే సెల్ఫ్ కొసనున్న చిన్న పళ్ల చక్రం, పట్టుకోవడం లేదు, దాన్ని ముందుకు తోసే బెండిక్స్ చూడాలి. కరకరమంటే పళ్లు అరిగాయి, అప్పుడు పదేపదే స్టార్ట్ చేశారంటే పినియన్ పట్టుకునే ఇంజిన్ వైపు పెద్ద పళ్ల చక్రం, ఫ్లైవీల్ రింగు కూడా పోతుంది, ఆ పనికి గేర్‌బాక్స్ దించాలి. అసలు శబ్దమే లేకపోతే సెల్ఫ్ జోలికి వెళ్లకుండా రిలే, ఫ్యూజు, క్లచ్ దగ్గరి స్విచ్ చూడండి. ఆటోమేటిక్ అయితే లివర్ ఒకసారి న్యూట్రల్‌లో పెట్టి ప్రయత్నించండి.

ఇక మీటరు. వోల్టులు కొలిచే మామూలు మల్టీమీటరు చాలు. బండి కాసేపు ఆగి ఉన్నాక బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తే ఫుల్, 12 చూపిస్తే దాదాపు ఖాళీ. కానీ అక్కడితో ఆగకండి, ఎందుకంటే లోపల పాడైన బ్యాటరీ కూడా ఊరికే ఉన్నప్పుడు 12.6 చూపించగలదు. గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, ఒకరు కీ తిప్పుతుంటే ఇంకొకరు మీటరు చూడాలి. 9.6 కంటే కిందికి పడిపోతే ముందు బ్యాటరీ ఛార్జ్ చేసి మళ్లీ కొలవండి, అప్పుడూ పడిపోతే బ్యాటరీ సంగతి తేలిపోయినట్టే.

బ్యాటరీ బాగుంటే ఎర్త్ చూడాలి, అంటే బ్యాటరీ మైనస్ నుంచి ఇంజిన్‌కు వెళ్లే వైరు. అందరూ వదిలేసేది ఇదే, నాకు బాధ కలిగించేదీ ఇదే. చిన్న పెట్రోలు కారు స్టార్టయ్యేటప్పుడు కూడా 100 నుంచి 200 ఆంపియర్ల కరెంటు లాగుతుంది. తుప్పు పట్టిన బోల్టు దగ్గర ఓమ్‌లో నూరో వంతు రెసిస్టెన్స్ ఉన్నా, 200 ఆంపియర్ల దగ్గర 2 వోల్టులు అక్కడే పోతాయి. ట్యాంకు నిండా నీళ్లున్నా పైపు పూడుకుపోతే కుళాయికి సన్నటి ధారే వస్తుంది, ఇదీ అంతే. మీటరు ఒక కొస బ్యాటరీ మైనస్ పోల్ మీద, రెండో కొస ఇంజిన్ బ్లాకు మీద పెయింటు లేనిచోట పెట్టి స్టార్ట్ చేయించండి. 0.2 వోల్టుల దాకా ఫర్వాలేదు. 0.5 దాటిందంటే వైరు విప్పి, రుద్ది, గట్టిగా బిగించండి. ఖర్చు ఒక గరుకు కాగితం, అంతే! ప్లస్ వైపు కూడా బ్యాటరీ నుంచి సెల్ఫ్ పెద్ద బోల్టు దాకా ఇలాగే కొలవాలి.

ఇవన్నీ బాగుండి, కీ తిప్పినప్పుడు పెద్ద బోల్టు దగ్గర 12 వోల్టులు అలాగే నిలబడి, ఒక్క టక్ మాత్రమే వస్తుంటే, అప్పుడు సెల్ఫ్ విప్పండి. ముందు బ్యాటరీ మైనస్ తీసేయండి. చాలాసార్లు లోపల సోలినాయిడ్ (సెల్ఫ్‌కు కరెంటు కలిపే స్విచ్) కాంటాక్టులు కాలిపోయి ఉంటాయి, లేదా తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు అరిగి ఉంటాయి. చాలా మోడళ్లలో ఇవి విడిగా దొరుకుతాయి, మొత్తం సెల్ఫ్ కొనక్కర్లేదు. చెక్క పిడితో మెల్లగా తడితే స్టార్టయిందంటే బ్రష్‌ల మీదే నా అనుమానం. గట్టిగా మాత్రం కొట్టకండి, కొన్నింటిలో మాగ్నెట్లు ఉంటాయి, పగులుతాయి. 10 సెకన్లకు మించి ఒకేసారి సెల్ఫ్ కొట్టకండి, వేడికి లోపలి రాగి తీగ చుట్టలు (వైండింగ్) కాలతాయి.

ఒక్కటి మాత్రం గుర్తు పెట్టుకోండి. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు ఎన్ని కార్లు నీళ్లలో ఉండిపోయాయో మనందరం చూశాం. నీళ్లలో నిలిచిన బండికి సెల్ఫ్ అస్సలు కొట్టకండి, నెట్టి స్టార్ట్ చేయకండి. సిలిండర్లోకి నీళ్లు వెళ్లి ఉంటే అవి నొక్కుకుపోవు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. మైనస్ తీసేసి, బండిని లాగించి, ప్లగ్గులు విప్పి చూసేదాకా కీ ముట్టుకోవద్దు.

బయట రెండు మీటర్లు పెట్టాను. ఎవరి బండికి అనుమానం ఉందో ముందుకు తెచ్చుకోండి, ఎర్త్ నుంచి మొదలుపెడదాం.