ఆదివారం బిర్యానీ, మంగళవారం బొగ్గు

అందరికీ నమస్కారం, ఉగాది శుభాకాంక్షలు. పెద్దల పేర్లన్నీ ఇప్పటికే మూడుసార్లు చదివేశారు కాబట్టి నేను మళ్ళీ చదవను. నాకిచ్చింది అయిదు నిమిషాలు.

నైరోబీలో మన తెలుగువాళ్ళకి ఓ మంచి అలవాటుంది. పిల్లాడి పుట్టినరోజు వచ్చినా, పెద్దవాళ్ళ సంవత్సరీకం వచ్చినా అనాథాశ్రమంలో భోజనాలు పెట్టిస్తాం. అలాంటి ఒక ఆశ్రమం వంటింట్లో నేను కొన్నేళ్ళుగా సాయం చేస్తున్నాను. బీన్సులో రాళ్ళేరడం, గిన్నెలు తోమడం, అంతే.

అక్కడ ఆదివారాలు ఎప్పుడూ ఖాళీ ఉండవు. పొద్దున ఒకరి కేకు, మధ్యాహ్నం ఇంకొకరి బిర్యానీ. మంగళవారం వచ్చి చూడండి. గితేరి వండాలి. ఎండు మొక్కజొన్న గింజలు, బీన్సు కలిపి ఉడికిస్తారు. రాత్రంతా నానబెట్టినా గంటలకొద్దీ పొయ్యి మండాల్సిందే. మధ్యలో బొగ్గు అయిపోతే? బీన్సు సరిగ్గా ఉడక్కపోతే పిల్లలకి వాంతులు, విరేచనాలు. బియ్యం బస్తాలు ఇస్తామనేవాళ్ళు బోలెడుమంది. బొగ్గు మూట ఇస్తామని ఒక్కరూ అనరు. దాని పక్కన నిలబడితే ఫోటో బాగా రాదు కదా!

కోపం వచ్చిందా? రానివ్వండి. ఇంకొకటి కూడా చెప్తాను.

ఓ ఆదివారం మనవాళ్ళే ఒక కుటుంబం వచ్చారు. పేరు అడక్కండి. పిల్లల్ని పదకొండింటికే వరసగా కూర్చోబెట్టారు. బిర్యానీ బండి వాయాకీ వే ట్రాఫిక్‌లో ఇరుక్కుంది. ఒంటిగంట దాటినా రాలేదు. అంతసేపూ పిల్లల చేత హ్యాపీ బర్త్‌డే పాడిస్తూనే ఉన్నారు. బండి వచ్చిందేమో చూద్దామని గేటు దగ్గరికి వెళ్ళాను. బయట ఒకావిడ నిలబడి ఉంది. చేతిలో కాల్చిన మొక్కజొన్న పొత్తు, చల్లారకుండా దాని ఆకులోనే చుట్టింది. లోపల వరసలో కూర్చున్న పిల్లల్లో ఒకమ్మాయి ఆవిడ కూతురు. కవాంగ్వారే అనే పేదల బస్తీలో కూరగాయలు అమ్ముతుందట. అద్దె కట్టలేక, ఇక్కడైతే తిండీ చదువూ దొరుకుతాయని పిల్లని చేర్చింది. దాతలు వచ్చారు, వాళ్ళు వెళ్ళాక రమ్మన్నాడు వాచ్‌మన్. అర్థమవుతోందా అండీ? ముక్కూమొహం తెలియని మనం లోపల ఆ పిల్లకి కేకు తినిపిస్తున్నాం, కన్నతల్లి గేటు బయట ఉంది. గొడవపడి గేటు తీయించాను. బిర్యానీ వచ్చేసరికి ఆ పిల్ల సగం పొత్తు తినేసింది.

ఆవిడ ఒక్కతే కాదు. ఇలాంటి ఆశ్రమాల్లో చాలామంది పిల్లలకి తల్లో తండ్రో బతికే ఉన్నారు. లోపలికి తెచ్చింది పేదరికం. కెన్యా ప్రభుత్వం 2017లోనే కొత్త ఆశ్రమాల రిజిస్ట్రేషన్ ఆపేసింది. పిల్లల్ని మెల్లగా కుటుంబాలకి చేర్చాలని 2022లో పదేళ్ళ ప్రణాళిక కూడా పెట్టుకుంది. మనమేమో ఇంకా ఆదివారాలు బుక్ చేసుకుంటున్నాం! గదులు నిండుగా ఉంటే దాతలు వస్తారు, దాతలు వస్తుంటే గదులు ఖాళీ కానివ్వరు.

అలాగని రేపట్నుంచి మానేయమనడం లేదు. లోపలున్న పిల్లలకి రేపు పొద్దున ఆకలేస్తుంది. ఏప్రిల్ సెలవులు వస్తున్నాయి. బళ్ళో పెట్టే భోజనం ఉండదు, మూడు పూటలూ ఈ పొయ్యి మీదే. మొక్కజొన్న కొంటే పొడిగా ఉన్నవే కొనండి. 2004లో మకువేని, కిటుయి ప్రాంతాల్లో బూజు విషం పట్టిన మొక్కజొన్న తిని 125 మంది పోయారు. రాగులైతే ఇంకా మంచిది. అసలవి ఈ తూర్పు ఆఫ్రికా కొండల పంటే, మన దగ్గరికి తర్వాత వచ్చాయి. పొద్దున్నే ఉజీ, అదే మన జావ, కాచి పోస్తే పిల్లలు గిన్నె నాకేస్తారు. కొత్తగా చేరిన పిల్ల బాగా చిక్కిపోయి ఉంటే మాత్రం జాలిపడి కడుపునిండా పెట్టెయ్యకండి, ప్రాణం మీదికొస్తుంది. ఆసుపత్రికి తీసుకెళ్ళండి. అక్కడ ఎఫ్-75 అనే పాలు రెండు మూడు గంటలకోసారి కొద్దికొద్దిగా పట్టి నిలబెడతారు.

అధ్యక్షులవారు గడియారం చూపిస్తున్నారు, ముగిస్తున్నా. తలుపు దగ్గర ఒక నోటుబుక్కు పెట్టాను. అందులో ఆదివారాలు లేవు, నేనే కొట్టేశాను. బొగ్గుకి ఒక పేజీ, వంటావిడ జీతానికి ఒక పేజీ. మూడోది ఇంటికి వెళ్ళగలిగిన పిల్లల తల్లుల అద్దెకి. అది చిల్డ్రన్స్ ఆఫీసర్‌తో, అంటే పిల్లల సంక్షేమం చూసే ప్రభుత్వ అధికారితో, మాట్లాడాకే ఇస్తాం. వంటింటి సాయానికి పేరిచ్చేవాళ్ళు పాత బట్టలు వేసుకుని రండమ్మా, బొగ్గు మసి ఎంత ఉతికినా పోదు.